ఎర్ర లేబులు, నీలి లేబులు

పాట ఒకటే. పాడిన గొంతూ ఒకటే. షికాగో దక్షిణాన ఎప్పుడో మూతపడిన ఒక చిన్న కంపెనీ ఆ పాటను రెండుసార్లు చిన్న రికార్డుగా అచ్చువేసింది. మొదటిసారి ఎర్ర లేబులు. దాని మీద బంగారు రంగు అక్షరాలు, మధ్య రంధ్రానికి పైన నల్ల సిరాతో కొమ్ముల మేకపోతు తల. రెండోసారి నీలి లేబులు. దాని మీద వెండి రంగు అక్షరాలే తప్ప మేక లేదు. మేక ఎందుకు పోయిందో నల్లవాళ్ళ పాత సోల్ పాటల రికార్డులు సేకరించేవాళ్ళు చాలా కథలు చెబుతారు. నేను నమ్మే కారణం ఒక్కటే. రెండు సిరాలకన్నా ఒక సిరా చవక.

ఇంత చిన్న తేడాను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. ఈ తేడా మీద నా స్నేహితుడి వైద్యం ఆగిపోయింది.

అతనూ నేనూ షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒకే రైలెక్కి సిటీలో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళం. అతనిది కోస్తాలో తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. చిన్నప్పటి నుంచి చర్చి గాయక బృందంలో పాడినవాడు. మా ఇంట్లో అన్నం ముందు కూర్చున్నా వాదనే. మా నాన్న సంస్కరణ సభల్లో వాదించి వాదించి గొంతు పాడుచేసుకున్న మనిషి. మా ఇద్దరికీ పొత్తు కుదరడానికి కారణం, ఒక సాయంత్రం స్టేషన్ దగ్గర పాత రికార్డుల కొట్లో ఇద్దరం ఒకే డబ్బాలో చెయ్యి పెట్టడం.

ఆ పాటలు పాడిన నల్లవాళ్ళు చాలామంది ముందు చర్చిలో పాడినవాళ్ళేనని అతను గర్వంగా చెప్పేవాడు. చర్చి బయటికి వచ్చాకే వాళ్ళ గొంతు విచ్చుకుందని నేననేవాణ్ణి.

"నాస్తికుడుగారూ, దేవుడు లేడంటారు, ఆయన పాడించిన పాటకి మాత్రం తల ఊపుతారు" అనేవాడు.

"పాడింది మనిషి బ్రదర్. దేవుడి పేరు లేబుల్ మీద ఎక్కడుందో చూపించు."

అతను రికార్డు తిప్పి, పాట రాసినవాళ్ళ పేర్ల కింద ఖాళీ మీద వేలు పెట్టేవాడు. "ఇదుగో అన్నా, ఈ ప్లేస్ ఆయనకే వదిలారు."

లేబుళ్ళు చదవడంలో అతని ముందు నేను పిల్లవాణ్ణి. రేడియో స్టేషన్లకు పంపిన తెల్ల లేబుళ్ళు, ఒక ఫ్యాక్టరీలో లావుగా మరో ఫ్యాక్టరీలో సన్నగా పడ్డ అక్షరాలు, పాట అయ్యాక మిగిలే నున్నటి అంచు మీద సూదితో గీకిన గుర్తులు, అన్నీ అతనికి కంఠతా వచ్చు. వాటిని అన్నదమ్ములనేవాడు. అందరిదీ ఒకే ముఖం, గుణాలు వేరు.

మెడ పక్క వచ్చిన వాపు లింఫ్ గ్రంథుల క్యాన్సరని తేలింది. అతని భార్య ఆస్పత్రిలో నర్సు. డాక్టర్ చెప్పకముందే ఆమెకు అర్థమైంది. అయితే అది నయమయ్యే రకమేననీ, కీమో పూర్తిగా తీసుకోవాలనీ డాక్టర్ చెప్పాడు. మొదటి విడతలకే వాపు తగ్గడం మొదలైంది. జుట్టు ఊడిన తల మీద టోపీ పెట్టుకుని, నేను వెళ్ళినప్పుడల్లా రికార్డులు తీసి చూపించేవాడు.

అప్పుడు వచ్చారు దైవజనులు. ఆంధ్ర నుంచి వచ్చి, ఈ దేశంలో ఫ్రిస్కో నుంచి ప్లెయిన్స్‌బరో దాకా తెలుగు ఇళ్ళలో దిగుతూ స్వస్థత ప్రార్థనలు చేసే ప్రసంగీకుడు. మంచి గొంతు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. వీళ్ళింట్లో గృహ కూడిక పెట్టిన రోజు అల్మరాలోంచి ఒక రికార్డు లాగి మేక తల చూశాడు. ఇది సాతాను గుర్తు, ఇంట్లో అపవాది ముద్ర పెట్టుకుని స్వస్థత అడిగితే ఎలా వస్తుంది బ్రదర్ అని అడిగాడట.

ఏరడం నా స్నేహితుడే ఏరాడు. అది అతను తప్ప మరొకరు చేయలేని పని. దైవజనులకు కనిపించింది ఎర్ర లేబుళ్ళ మీది పెద్ద మేక మాత్రమే. ఆ కంపెనీ తెల్ల లేబుళ్ళ అంచున గోరంత మేక ఉంటుందనీ, ఒక ఫ్యాక్టరీ అచ్చులో అక్షరాల మధ్య దాక్కుని ఉంటుందనీ తెలిసినవాడు ఇతనొక్కడే. జీవితమంతా కూడబెట్టిన తెలివినంతా వాడి, ఒక్క మేకనూ వదలకుండా పట్టిచ్చాడు. గరాజ్‌లో విరిచి ట్రాష్ డబ్బాలో పోశారు. అవే పాటలున్న నీలి లేబుళ్ళు అల్మరాలోనే ఉన్నాయి. వాటి మీద బొమ్మ లేదు కనుక వాటిలో సాతాను లేడు.

నేనిది క్రైస్తవులను ఎత్తిపొడవడానికి రాయడం లేదు. కొత్త ఇంటి తలుపు దిక్కు మార్పించినవాళ్ళనూ, ముహూర్తం చూసి ఆపరేషన్ వాయిదా వేసినవాళ్ళనూ నా హిందూ బంధువుల్లోనే చూశాను. డాక్టరు ఇచ్చిన మందు పనిచేస్తుంది, పేరు మాత్రం తలుపుకో ముహూర్తానికో పోతుంది. ఇక్కడా అదే జరిగింది. తర్వాతి స్కాన్‌లో గడ్డలు బాగా చిన్నవయ్యాయి. ఆ ఆదివారం అతను చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు: ప్రభువు నన్ను స్వస్థపరిచాడు.

ఆ చర్చిలో సాక్ష్యమంటే నోటిమాట కాదు. అందరి ముందు స్వస్థుణ్ణయ్యానని చెప్పినవాడు మళ్ళీ ఆ జబ్బుకే ఆస్పత్రికి వెళితే, దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టని అతను నమ్మాడు. చర్చి పాస్టరుగారే ఇంటికి వచ్చి, వైద్యం కూడా దేవుడిచ్చిందే, మానకు నాయనా అన్నారు. అతను నవ్వి, చెప్పేశాను కదండీ అన్నాడు. కీమో మిగిలే ఉంది. అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయించాడు.

నేను అతని భార్యను అడిగాను, మీరు నర్సు కదమ్మా అని. ఆమె సింకులో గిన్నెలు కడుగుతోంది, నా వైపు తిరగలేదు.

"రిపోర్ట్ చదవడం నాకు రాదా అన్నయ్యగారూ. నేను హాస్పిటల్‌కి పదండి అంటే, నా విశ్వాసం చాలకే ఆయనకి తగ్గలేదని చర్చివాళ్ళంటారు. తగ్గకపోతే ఆయనా అదే అనుకుంటారు."

మంత్రగాళ్ళను నలుగురి ముందు నిలబెట్టి పరీక్షించడం మా నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి. దైవజనులు మళ్ళీ వచ్చిన రోజు నా దగ్గరున్న ఎర్ర లేబులు రికార్డు పట్టుకుని వెళ్ళాను. అల్మరాలోంచి అదే పాట నీలిది తీశాను. సాతాను ఉన్నది మీకు తెలుస్తుందంటున్నారు కదా, గోడవైపు తిరిగి కూర్చోండి, రెండూ వేస్తాను, ఏది ఎర్రదో చెప్పండి అన్నాను. గదిలో అందరూ ఆయన వైపు చూశారు. ఆయనకు చెమట పట్టింది. ముందు ఒకటి వేశాను, తర్వాత రెండోది. ఇలాంటివి ప్రార్థించి చెప్పాలి అన్నారాయన.

గెలిచాననుకున్నాను. సోఫాలో దుప్పటి కప్పుకుని కళ్ళు మూసుకున్న నా స్నేహితుడు అన్నాడు: "సెకండ్‌ది ఎర్రది అన్నా. డ్రమ్ చూడు, ఎలా ముందుకొస్తోందో."

అది నిజం. ఎర్రది మొదటి అచ్చు. దాని గాడులు లోతుగా కోశారు. ఆ మూస అరిగిపోయాక నీలిదానికి మళ్ళీ మెత్తగా కోశారు. ఆ తేడా నాకు తెలుసు. కానీ అలవాటులేని చెవికి అందదని నా లెక్క. అతని చెవికి అందింది. రికార్డుల విషయంలో అతను అబద్ధం ఆడలేడు.

"చూశారా" అన్నారు దైవజనులు, చెమట తుడుచుకుంటూ. "బ్రదర్‌కి లోపలి నుంచి తెలిసిపోయింది."

గాడి లోతు గురించీ, కోసే యంత్రం గురించీ నేను చాలాసేపు చెప్పాను. అప్పటికే అందరూ ప్రార్థన పాట ఎత్తుకున్నారు. చేతిలో రికార్డుతో నేను గది మధ్య నిలబడి ఉన్నాను.

అందరూ భోజనాలకు లేచాక అతను నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళు సన్నబడి చల్లగా ఉన్నాయి.

"అది ఇక్కడ పెట్టెళ్ళు అన్నా. నావి లేవుగా. ఒక్కసారి సరిగ్గా వింటాను."

"ముందు హాస్పిటల్‌కి రా. అప్పుడు ఇస్తాను."

"బేరాలాడకు" అన్నాడు నవ్వుతూ. "నాస్తికుడివి, మొక్కులడిగేవాడిలా మాట్లాడతావేంటి."

నా చేతిలోంచి రికార్డు తీసుకుని దుప్పటి కింద దాచుకున్నాడు. నేను ఒట్టిచేతులతో ఇంటికి వచ్చాను.

చలి ముదిరే సరికి వాపు మెడ దాటి కడుపులోకి వెళ్ళింది. ఊపిరి అందనప్పుడు అంబులెన్స్ పిలిచింది అతని భార్యే. డాక్టర్ స్కాన్ చూసి, కీమో ఆపకుండా ఉంటే బాగుండేదన్నాడట. వసంతం రాకముందే అతను పోయాడు.

చర్చి హాలులో ఇంటివాళ్ళను ఓదార్చే ఆదరణ కూడిక జరిగింది. దైవజనులు వేరే రాష్ట్రం నుంచి వీడియోలో మాట్లాడారు. ఆ ఇంట్లో శపితమైనది ఏదో ఇంకా మిగిలి ఉండాలి, లేకపోతే సాక్ష్యం చెప్పిన బిడ్డ ఇలా పడిపోడు అన్నారు. నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను. మందు పేరు, ఆపిన విడతలు, డాక్టర్ మాట, ఏది ముందు ఏది తర్వాత చెప్పాలో అంతా నాలుక మీద ఉంది. నా జీవితంలో అంత సిద్ధంగా ఉన్న వాదన మరొకటి లేదు.

ఎదురుగా అతని భార్య నుంచుని ఉంది. చేతిలో ఇండియన్ స్టోర్ ప్లాస్టిక్ కవర్, రెండు ముళ్ళు వేసి ఉంది. పలచటి కవర్‌లోంచి ఎరుపు కనిపిస్తోంది.

"బెడ్ కింద దొరికింది అన్నయ్యగారూ. మీదేనా? ఆ రోజు మీరు మర్చిపోయారా?"

ఆమె కళ్ళలోకి చూశాను. ఏ మందు ఎప్పుడు ఆగిందో ఈ హాలులో అందరికన్నా బాగా తెలిసిన మనిషి. నేను కాదంటే, ఆ దోషం మోయడానికి ఇంట్లో మిగిలింది ఆమె ఒక్కతే.

"నాదేనమ్మా" అన్నాను. "నేనే వదిలేసి వెళ్ళాను."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. కవరు నా వేళ్ళకు తగలకుండా నా చేతిలో జారవిడిచింది. వీడియోలో ప్రార్థన మొదలైంది. నేను కార్ దాకా నడిచి, అది పక్క సీట్లో పెట్టి, ముళ్ళు విప్పకుండానే ఇంటికి డ్రైవ్ చేశాను.