శనివారం బిళ్ల

శేరిలింగంపల్లిలో ఎం.బి.బి.ఎస్. అని బోర్డు కట్టిన తొలి మనుషుల్లో డాక్టర్ సీతారామయ్య ఒకడు. ఈ మాట ఆయనే పదిమందికీ చెబుతాడు. అబద్ధం కాదు గనక మనమూ చెప్పుకోవచ్చు. తెనాలి దగ్గర ఓ పల్లెలో, తాటాకు పాకబడిలో, ఇసుకలో అక్షరాలు దిద్దినవాడు. వానొస్తే ఆ బడి లేదు, కోతలొస్తే పంతులు లేడు. అలాంటి బడిలోంచి లేచి గుంటూరు వైద్య కళాశాలలో పతకం పుచ్చుకున్నాడు. ఆదిలాబాదు అడవుల్లో కలరా రేగినప్పుడు తోటి డాక్టర్లు సెలవు పెట్టి రైలెక్కితే, ఈయన ఎడ్లబండి మీద సెలైన్ సీసాలు వేసుకుని గూడేలు తిరిగాడు. ఇక్కడికి వచ్చేనాటికి రాళ్లగుట్టలూ, సీతాఫలం పొదలూ, ఫ్యాక్టరీ సైరనూ తప్ప ఇంకేం లేవు. ఆ సైరన్ వినబడినంత మేరా ఏ ఇంట్లో ఎవరికి ఉబ్బసం, ఎవరికి పెన్సిలిన్ పడదు, ఏ కోడలికి అత్తగారు ఊరి నుంచి దిగినప్పుడే తలనొప్పి వస్తుంది, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

కాలం తిరగబడింది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల మేడ లేచింది. దాని వెంటే ఏసీ క్లినిక్కులు లేచాయి. మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్లకు గుండె పరీక్షలు, దగ్గొస్తే స్కానింగు, జలుబుకి సూది. పేషెంటును పంపిన డాక్టరుకు నెల తిరగ్గానే ఓ కమీషను కవరు. ఆ కవరు పట్టుకొచ్చినవాణ్ణి సీతారామయ్య కుక్కను తోలినట్టు తోలేశాడు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే భార్య పుణ్యవతి, "మీరొక్కరూ మడికట్టుకుంటే లోకం శుద్ధి అవుతుందటండీ?" అంది. "అవదు. నా చెయ్యి కంపు కొట్టదు, అంతే," అన్నాడాయన.

ఇన్ని చేసినవాడికీ ఓ కొరత ఉండిపోయింది. వైద్య పత్రికలో ఒక్కసారైనా పేరు అచ్చు కాలేదు. తనతో చదివి తనకంటే తక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్ల పేర్లు పరిశోధన వ్యాసాల కింద కనబడుతుంటే, వాటిని చదివి, మడిచి, బీరువాలో పడేసేవాడు.

తొంభై తొమ్మిదో సంవత్సరం వానాకాలంలో అవినాష్ వచ్చాడు. చిన్నప్పుడు ఇక్కడే గవదబిళ్లలకు మందు తాగిన కుర్రాడు. ఇప్పుడు ఎం.డి. చేసి మదీనాగూడలో కొత్తగా తెరిచిన డయాబెటిస్ సెంటర్లో పెద్ద డాక్టరు.

"అంకుల్, ఇంగ్లండు స్టడీ చూశారుగా? ఇరవై ఏళ్ల పరిశోధన. చక్కెరని టైట్‌గా కంట్రోల్ చేస్తే కళ్లూ కిడ్నీలూ దక్కుతాయని తేలింది. ఇప్పుడొక కొత్త బిళ్ల వచ్చింది, రోజుకి ఒకటే. మనవాళ్ల మీద ఎలా పనిచేస్తుందో మేం చూస్తున్నాం. మీ పాత పేషెంట్లను పంపండి. మేం వేసే రీసెర్చ్ పేపర్లో మీ పేరు నాలుగోది."

"నాలుగోదా?" అన్నాడు సీతారామయ్య.

"మూడోది చేస్తాలెండి."

ఆయన నవ్వాడు. కవరు తెచ్చినవాణ్ణి తోలేసిన మనిషి, ఈ ఎర దగ్గరికి తనంతట తానే వెళ్లి నోరు తెరిచాడు. తన మాట మీద ఎండలో నిలబడమన్నా నిలబడే మనుషులను వరసగా పిలిచి మదీనాగూడకు పంపాడు. వాళ్లలో సుబ్బమ్మ ఒకతె.

సుబ్బమ్మది ప్రొద్దుటూరు వైపు. మొగుడు చెన్నకేశవులు ప్లాట్ల వ్యాపారంలో దిగి రెండు మేడలు లేపాడు. మేడలు లేచినా ఆమె శనివారం ఒక్కపొద్దు మానలేదు. పొద్దున్నుంచీ మంచినీళ్లు తప్ప ముట్టదు. దీపం పెట్టాకే ఎంగిలి పడుతుంది. సీతారామయ్యకిది తెలుసు. దేవుడితో పోట్లాడటం దండగని, చక్కెర జబ్బు బయటపడ్డప్పుడే ఒప్పందం చేసుకున్నాడు: "శనివారం తిండీ లేదు, బిళ్లా లేదు. ఆదివారం పొద్దున టిఫిను పళ్లెం ముందు కూర్చున్నాకే బిళ్ల." ఆ పద్ధతిలో ఏళ్లు గడిచాయి, ఆమె ఏనాడూ తూలి పడలేదు. మదీనాగూడకు పంపేటప్పుడు ఆ ఒప్పందం సంగతి వాళ్లకు చెప్పడం ఆయనకు తోచలేదు. వాళ్లకు అడగడం తోచలేదు.

కార్తీకం ఇంకా రాలేదు. ఓ శనివారం మిట్టమధ్యాహ్నం క్లినిక్ ముందు జీపు ఆగింది. చెన్నకేశవులు భార్యను రెండు చేతుల మీదా మోసుకొచ్చాడు. జాకెట్టు చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది, కళ్లు తేలేసింది, దవడలు బిగుసుకున్నాయి.

"జర తప్పుకోండ్రి, తప్పుకోండ్రి!" అని కాంపౌండర్ రామన్న బల్ల ఖాళీ చేయించాడు. "ఏందమ్మా ఇది! నిన్ననే మంచిగ మాట్లాడిపోయినవ్ గద!"

సీతారామయ్య వేలు గుచ్చి చూశాడు. చక్కెర అడుగంటింది. నరం దొరకబుచ్చుకుని గ్లూకోజు ఎక్కించాడు. కాసేపటికి సుబ్బమ్మ దవడలు సడలి, కళ్లు తిప్పి చూసింది.

"శనివారం బిళ్ల వేసుకున్నావా అమ్మా?"

"వేసుకున్నా సార్. ఒక్క దినం గూడ మానొద్దు, మానితే స్టడీ చెడిపోతాదని ఆడుండే నర్సు పాప గట్టిగ చెప్పింది."

"మరి నేను వద్దన్నానుగా!"

"నువ్వే కద సార్ పంపిస్తివి," అంది సుబ్బమ్మ. "వాళ్లు చెప్పేది నీ మాటే అనుకొంటి."

సీతారామయ్య స్టూలు ఆమె పక్కకు లాక్కున్నాడు. కొత్త బిళ్ల ఒంట్లో చాలాసేపు ఉంటుంది, ఒకసారి లేచినా మళ్లీ పడిపోవచ్చని ఆమెను సాయంత్రం దాకా బల్ల మీద నుంచి దిగనివ్వలేదు. దగ్గరే కూర్చుని చెంచాతో చక్కెర నీళ్లు తాగించాడు. సుబ్బమ్మ మాత్రం దేవుడి పొద్దు చెడిందని గొణుగుతూనే మింగింది.

కబురు పెడితే అవినాష్ వచ్చాడు. పేషెంటు కంటే ముందు ఏసీ లేని గది వంక చూశాడు.

"హైపో అయింది, చక్కెర అడుగంటింది. రాసుకో," అన్నాడు సీతారామయ్య.

"చూడండి అంకుల్, ఆవిడ ఫాస్టింగ్‌లో ఉంది. అది మందు తప్పు కాదు. మూడు పూటలా తినేవాళ్లకే ఈ స్టడీ అని ఫారంలో రాసే ఉంది. కాబట్టి ఆవిడని స్టడీలోంచి తీసేస్తాం. తీసేస్తే పడిపోవడం కూడా లెక్కలోకి రాదు."

"ఒరేయ్! నువ్వు పరీక్షించేది ఈ దేశంలో మనుషుల మీదే కదా? శనివారాలూ, ఏకాదశులూ, రంజాను రోజాలూ ఉండనివాళ్లను ఏరుకుని పరీక్షించి, ఉండేవాళ్లకు అమ్ముతావా?"

"గొడవెందుకు అంకుల్? ఇది రికార్డుకెక్కితే మందు కంపెనీ పేపరే ఆపేస్తుంది. మీ పేరు..." అని ఆపేశాడు. కాస్త ఆగి, "ఆవిడ హస్బెండ్ ఓకే అన్నారు," అన్నాడు.

సీతారామయ్య విసురుగా లేచాడు. బయట జీపు దగ్గర నిలబడ్డ చెన్నకేశవులు దగ్గరికి వెళ్లాడు.

"ఏమయ్యా, మీ ఆవిడ పడిపోయిన సంగతి దాచెయ్యమన్నావా?"

"దాచేదేముంది సార్," అని చెన్నకేశవులు జీపు అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "ఆ క్లినిక్కు నా బిల్డింగులోనే ఉండాది. ఇంకో ఫ్లోరు కూడా తీసుకుంటామంటాండారు. ఆడమనిషి ఉపాసముండి పడిపోయింది. ఈ మాత్రానికి పేపర్లకెక్కాల్నా?"

"పడింది నీ భార్యయ్యా!"

"లేసింది కద సార్ ఇప్పుడు."

ఈ మాటలన్నీ కిటికీలోంచి లోపలికి వినబడుతూనే ఉన్నాయి. సుబ్బమ్మ బల్ల మీద లేచి కూర్చుంది.

"ఏమయ్యో, నేను చచ్చింటే ఏ ఫ్లోరు కిరాయికిచ్చేవాడివి? పైదా, కిందిదా?" అంది. ఆ వెంటనే డాక్టరును కేకేసింది: "సార్, నా పేరు చెప్పు. ఊరూ, ఇంటిపేరూ అన్నీ చెప్పు. నాకేమి సిగ్గు? దొంగతనం చేసినానా?"

ఆ తర్వాతి నెలలో మాదాపూర్ హోటల్లో మందు కంపెనీవాళ్లు సభ పెట్టారు. వచ్చిన ప్రతి డాక్టరుకూ మందు పేరు అచ్చేసిన తోలుసంచి ఇచ్చారు. చక్కెర జబ్బు మీద సభ. హాలు పక్కన బల్లల మీద గులాబ్‌జామూన్లు, డబల్ కా మీఠా, మూడు రంగుల ఐస్‌క్రీము. ఆ నేతి వాసన తలుపు సందుల్లోంచి లోపలికి కొడుతుంటే డాక్టర్లు గడియారాలు చూసుకుంటున్నారు. సీతారామయ్య తనకిచ్చిన తోలుసంచిని కుర్చీ కిందికి తోశాడు.

తెర మీద ఇంగ్లీషు అక్షరాలు వెలిగాయి. పేర్ల వరసలో మూడోది ఆయనదే. అంత పెద్ద అక్షరాల్లో తన పేరు ఆయన ఎన్నడూ చూసుకోలేదు. ఒక్క క్షణం, సిగ్గులేని ఒక్క క్షణం, మనసు పొంగింది. ఆ వెంటనే అవినాష్ చదివాడు: తీవ్రంగా చక్కెర పడిపోయిన కేసు ఒక్కటీ లేదు.

సీతారామయ్య లేచి నిలబడ్డాడు. మైకు ఇమ్మంటే ఎవరూ ఇవ్వలేదు. పొలాలకడ్డంగా కేకేసి పెరిగిన గొంతుకు మైకుతో పనిలేదు.

"ఒకటుంది. ప్రొద్దుటూరు సుబ్బమ్మ. మదీనాగూడలో ఉంటుంది. శనివారం ఒక్కపొద్దు ఉండి మీ బిళ్ల మింగి, కళ్లు తేలేసి నా బల్ల మీద పడింది. పంపింది నేను. ఆమె ఉపవాసం సంగతి తెలిసీ మీకు చెప్పనివాణ్ణి నేను. మీరు అడగలేదు. వచ్చే నెల రంజాను. నేను పంపినవాళ్లలో చందానగర్ టైలర్ ఖాజామియా ఉన్నాడు. ఆయన నెల పొడుగునా రోజాలుంటాడు. నేను మాన్పించాను గానీ, లేకపోతే ఆయన పడినా ఆయన్నీ తీసేసేవారేనా?"

వేదిక మీద అధ్యక్షుడు చిరునవ్వు నవ్వాడు. "పెద్దాయన అనుభవం మనకు ఆశీర్వాదం. ప్రశ్నలు భోజనం తర్వాత తీసుకుందాం," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తనకో, భోజనానికో సీతారామయ్యకు అర్థం కాలేదు.

అవినాష్ మొహం ఎర్రబడింది. "మీ పేరు తీసేస్తాం అంకుల్."

"తీసెయ్యి. ఆమెది పెట్టు."

"అది నా చేతుల్లో లేదు."

"గవదబిళ్లలప్పుడు నీ నోట్లో మందు పోసింది ఈ చేతులేరా. నా చేతుల్లో లేదని అప్పుడు నేనన్నానా?" అని సంచి అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. సభకు ముందే ఖాజామియాకూ, తను పంపిన తక్కినవాళ్లకూ ఇంటింటికీ వెళ్లి ఆ బిళ్ల మాన్పించి, పాత మందు తనే రాసి వచ్చాడు. అంతకు మించి చేయగలిగింది ఈ హాల్లోనే ఉందనుకున్నాడు. అదీ అయిపోయింది.

హోటలు మెట్ల మీద వెనక నుంచి ఎవరో పిలిచారు. ఇద్దరు డాక్టర్లు. ఒకడు కూకట్‌పల్లిలో ప్రాక్టీసు పెట్టిన సుబ్బరాయుడు. రెండో ఆవిడ మియాపూర్ జయలక్ష్మి. ఇద్దరి చేతుల్లోనూ తోలుసంచులున్నాయి.

సుబ్బరాయుడు గొంతు తగ్గించాడు. "సార్, బాగా చెప్పారండి. నా దగ్గరా ఒకాయన పడ్డాడు. ఏకాదశి రోజు."

"నా పేషెంటు కూడా సార్," అంది జయలక్ష్మి. "నోముల్లో. వాళ్లేమో ఆవిణ్ణి కూడా తీసేశారు."

సీతారామయ్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు. సంతోషపడాల్సిన మాట. ఒళ్లు మండింది. తను ఒక్కడే లోపల అరుస్తుంటే వీళ్లు సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారన్నమాట.

"అయితే లోపలికి పదండి. ముగ్గురం కలిసి చెబుదాం. ముగ్గురిని తీసెయ్యలేరుగా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తలుపు తెరుచుకుని మూసుకుంది. లోపల పళ్లేల చప్పుడు.

"తప్పకుండానండీ," అన్నాడు సుబ్బరాయుడు. "ఆ... ముందు భోజనం కానిద్దామండి. క్యూ పెరిగిపోతోంది."

సీతారామయ్య ఆటో కోసం ఎత్తిన చెయ్యి దించేశాడు. మెట్ల పక్కన కాపలా మనిషి కుర్చీ ఖాళీగా ఉంటే లాక్కుని, సరిగ్గా గుమ్మానికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు.

"కానివ్వండి. తిని రండి. మీరు చేతులు కడుక్కునేదాకా నేను ఇక్కడే ఉంటాను," అన్నాడు.