వంటగది వెనకాల ఆకు

గథిగియా సాధించిన మొదటి విజయం గథురీ సంతలో నాలుగడుగుల బల్ల. దానికోసం ఏడేళ్లు గేటు బయట కూర్చుంది, వానకు తడిసింది, సంతవాళ్లు తరిమితే మూట నెత్తిన పెట్టుకుని పరుగెత్తింది. చివరికి రేకుల కప్పు కింద, కొళాయి పక్కన చోటు సంపాదించింది. మా కొండల ఆడవాళ్లలో అంతకుముందు ఎవరికీ లోపలి బల్ల దక్కలేదు. నా మాట నమ్మవచ్చు. ఏడో తరగతి ప్యాసై, కాఫీ సంఘానికి తొమ్మిదేళ్లు అధ్యక్షుడిగా ఉన్నవాణ్ణి. లేని గొప్ప ఎవరికీ అంటగట్టను.

ఆమె అమ్మేది సుకుమ ఆకు. మొక్కజొన్న పిండితో వండే ఉగాలి ముద్ద పక్కన ఆ కూర లేని పూట మా పట్టణంలో ఉండదు. ఆకు వెడల్పుగా, నిగనిగలాడుతూ, ఒక్క చిల్లు లేకుండా ఉంటేనే కొనేది. పదకొండేళ్లుగా అలాంటి ఆకు ఆమెకు ఇచ్చేది కిబుథు అనే రైతు.

పురుగుమందు ముట్టకుండా సేద్యం చేయడం నాకిది పంతొమ్మిదో ఏడు. వ్యవసాయ ప్రదర్శనలో రెండుసార్లు మొదటి బహుమతి నాదే. పోయిన నవంబరులో సంత ఆడవాళ్లు పన్నెండుమందిని మా పొలం చూడటానికి పిలిచాను. గథిగియా మడి మధ్యలో నిలబడి వేళాకోళం మొదలుపెట్టింది.

"తాతా, అన్నీ చిల్లులే! పురుగు ఎంగిలి నువ్వు తింటావా, నీ ఎంగిలి పురుగు తింటుందా?"

"ముందు దానికే పెడతా పిల్లా. అది బతికితే నేను తింటా."

అందరూ పగలబడి నవ్వారు. ఆమె మా వంటగది వెనక్కి తొంగి చూసింది.

"మీ ఇంటి మడి ఏదీ?"

"ఇదే."

"సంతకు పంపేది కాదు తాతా, మీరు వండుకునేది."

"ఇదేనమ్మా. ఇంకోటి లేదు."

ఆమె నవ్వు ఆగిపోయింది. ఇంటికి వచ్చినవాళ్లను ఖాళీ సంచితో పంపడం మా వైపు లేదు. బేరం అయ్యాక కిబుథు భార్య ప్రతిసారీ వంటగది వెనక తాము వండుకునే మడిలోంచి గుప్పెడు ఆకు కోసుకొచ్చి, "ఇది నీ పిల్లలకు" అని గథిగియా సంచిలో వేసేది.

"మూటలోంచి ఒక్క రెమ్మ తీసి నా పిల్లలకు ఇయ్యలేదు తాతా. ఎప్పుడూ వెనకనుంచే తెచ్చేది. ఎంత మంచిదో అనుకున్నా."

"మంచిదే. కొనేవాళ్ల మొహాలు ఆవిడ చూడలేదు, అంతే."

"నేను రోజూ చూశాను కదా."

మర్నాడే కిబుథు దగ్గరికి వెళ్లింది. మందు ఎప్పుడు కొట్టావని అడిగితే మొన్ననే అన్నాడు. కోతకు ముందు కొన్నాళ్లు ఆగాలి కదా అంది.

"ఆగితే పురుగు పడుతుంది. ఒక్క చిల్లు కనబడితే మూట తిప్పి నా మొహాన కొట్టింది ఎవరమ్మా? నువ్వు కాదూ?"

ఆమె అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది.

ఇకనుంచి నా ఆకే అమ్ముతానంది. ఎంత కావాలంటే అంత ఇస్తానన్నాను. చేసిన ఘనకార్యాలన్నీ చెప్పుకునే మనిషిని, ఇదీ చెప్పాలి. జనవరికి వాగు ఎండింది. వారానికి మూడు గోనెలు ఇచ్చినవాణ్ణి సగం గోనె కూడా ఇవ్వలేకపోయాను.

ఇచ్చిన ఆకునూ జనం ఏరి పక్కన పడేశారు. "ఏమే గథిగియా, మేక నమిలి ఉమ్మిందా?" అన్నారు. మందు సంగతి చెప్పబోతే ఆమె పాత ఖాతాదారు ఒకావిడ, "కథలు ఇంటికెళ్లి వింటాలే, ఆకుంటే ఇయ్యి" అని పక్క బల్లకు నడిచింది.

వరుసగా పది సంతలు ఖాళీగా ఉంచిన బల్ల వేరేవాళ్లకు పోతుందని నియమం. "కిబుథు ఆకే తెచ్చి పరుచు, ఎవరికి తెలుస్తుంది?" అంది పక్కామె.

"నాకు తెలిసి చచ్చిందిగా" అంది గథిగియా.

ఫిబ్రవరిలో నా దగ్గర ఆకు పూర్తిగా అయిపోయింది. మార్చిలో బల్ల పోయింది. ఇప్పుడు దాని మీద నిగనిగలాడే ఆకు ఉంటుంది, మధ్యాహ్నానికల్లా చెల్లిపోతుంది. అటు నడవడం నేను మానుకున్నాను.

పిల్లలను చెల్లెలి ఇంట్లో ఉంచి, గథిగియా ఎత్తు మీది కినంగోప్ వెళ్లింది. అక్కడ ఆమె అన్నకు మూడేళ్లుగా బీడు పడి, మందు తగలని అర ఎకరం ఉంది. వానలు మొదలయ్యాక నారు నేనే ఇచ్చాను. నాటిన మూడో వారం వడగళ్లు పడి సగం మడి నేలకు అంటుకుపోయిందని ఫోన్ చేసింది. మళ్లీ నారు పంపుతానన్నాను.

"వద్దులే తాతా. ఈసారి మాట ఇయ్యకు. మిగిలిందే కోసుకొస్తా."

మొదటి కోతతో ఆమె గథురీ సంతకు దిగేది జూన్ పద్దెనిమిది, గురువారం.