మ్యూజియంలో పెళ్ళిచూపులు పెట్టించిన మా మేనత్త

మా మేనత్త పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా కన్నుమూసింది. ఆఖరుగా అడిగింది కాఫీ. ఇచ్చిన కాఫీలో చక్కెర చాలలేదని మా అమ్మను పిలిచి చెప్పి, మళ్ళీ కలుపుకొని వచ్చేలోపల పోయింది. "మా వదిన తృప్తిగానే పోయింది, నన్నొక మాట అనే పోయింది" అని మా అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది.

ఆమె మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే బెంగళూరు నగర్తపేటలోని మా ఇంటికి వచ్చేసింది. మా నాన్నది పట్టునూలు అంగడి. అంగడి నాన్నదైనా ఇంట్లో పెత్తనమంతా ఆమెదే, ఒక్క శుభకార్యాలప్పుడు తప్ప. పెళ్ళయినా పేరంటమయినా తనంతట తానే లేచి వెనకింట్లోకి పోయి కూర్చునేది. పొమ్మని ఎవరూ అనేవాళ్ళు కాదు. ఉండమనీ అనేవాళ్ళు కాదు.

కబ్బన్ పార్కు పక్కనున్న ఎర్రటి మ్యూజియం అంటే ఆమెకు ప్రాణం. ఊరినుంచి ఏ చుట్టాలు వచ్చినా గుడికంటే ముందు అక్కడికే తోలుకుపోయేది. చదువు రాదు. అయినా రాతిశాసనం ముందు నిలబడి, "ఇదంతా మన భూముల సంగతే. పేరుండే చోట దాయాదులు చెరిపేసినారు" అని ఖాయంగా చెప్పేది. పీచు కుక్కి నిలబెట్టిన ఎలుగుబంటిని చూసిన ప్రతిసారీ, "వీనికి ఉక్కపోయదా?" అనేది. తిరిగి వచ్చేటప్పుడు హాలు మధ్యన నిలబడి, "పోయొస్తాం" అని అందరికీ చెప్పిగానీ కదిలేది కాదు. అందరూ అంటే, రాతి దేవుళ్ళూ ఆ జంతువులూ.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. చింతామణి ఊరి వైపు నుంచి నాకొక సంబంధం వచ్చింది. అబ్బాయికి ఇక్కడే ఒక బట్టల మిల్లులో ఉద్యోగం. నాన్నకు నచ్చింది. నాకేమో బి.ఏ. చదవాలని ఉండేది. నాన్నతో చెప్పే ధైర్యం లేక అత్త దగ్గర ఏడ్చాను.

"ముందు పోయి మొగం కడుక్కో," అంది. అంతే.

ఆ సాయంత్రం నాన్న భోజనానికి కూర్చున్నప్పుడు, "ఒరే, పెళ్ళిచూపులు మ్యూజియంలో పెట్టుకుందాం," అంది.

నాన్న ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. "పులుల మధ్యనా అక్కా?"

"చచ్చిన పులులే కదరా. ఇంట్లో చాప మీద తలొంచుకోని కూర్చుంటే ఏ పిల్లయినా ఒకటే మాదిరి ఉంటాది. ఆడైతే నడస్తారు, మాట్లాడతారు. పిల్లోడు ఎట్లాంటోడో మనకీ తెలుస్తాది." మజ్జిగ పోస్తూ కొంచెం ఆగింది. "ఇంట్లో అయితే నేను వెనకింట్లో ఉండల్ల. ఆడికి ఎవురైనా రావచ్చు."

నాన్న తలెత్తలేదు. "సరేలే అక్కా," అన్నాడు.

ఆ ఆదివారం జట్కా కట్టించుకొని పోయాం. అబ్బాయి, వాళ్ళ అమ్మానాన్నలు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. అత్త ఎదురుగా రావడం చూసి ఆ తల్లి ముఖం మాడ్చుకుని కొడుకును పక్కకు లాగింది. అత్త అది చూసింది. చూడనట్టే, "రండి రండి, ముందు పులిని చూద్దాం," అంది, తన ఇంటికొచ్చిన వాళ్ళను పిలిచినట్టు.

"ఇది నిజం పులేనా?" అన్నాడు అబ్బాయి తండ్రి.

"నిజమే అప్పా. ఊరికే నిలబడి ఉండాది."

అబ్బాయి నావైపు చూడకూడదని ఎంత పట్టుదలగా ఉన్నాడంటే, ఎటో చూస్తూ నడిచి మొసలిని పెట్టిన అద్దాల బీరువాకు ఠంగుమని తల కొట్టుకున్నాడు. నేను పైకే నవ్వేశాను. మా అమ్మ గిల్లింది.

ఆ తర్వాత రాతి వినాయకుడి దగ్గరికి వచ్చాం. అత్త సంచిలోంచి పూలు తీసింది. కర్పూరం తీసింది. టెంకాయ తీసి చెయ్యెత్తింది.

"అమ్మా, బేడ! ఇల్లి కాయి ఒడీబేడి!" అని, ఇక్కడ కాయ కొట్టొద్దంటూ కన్నడంలో అరుస్తూ కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"యాల కొట్టగూడదు? ఈయప్ప వినాయకుడు కాదా?"

"వినాయకుడే అమ్మా. కానీ మ్యూజియం వినాయకుడు."

"అయితే ఆకలుండదా?"

పాపం, అతను పోయి పెద్ద ఆఫీసరును పిలుచుకొచ్చాడు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ఇది చూడడానికి పెట్టిన విగ్రహమనీ, పూజలు చేయకూడదనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. అబ్బాయి తండ్రి నెలనెలా వినాయకుడికి సంకష్టి ఉపవాసాలుండే మనిషి, ఆగలేకపోయాడు. "దేవుణ్ణి తెచ్చి నిలబెట్టి, పూజ లేదంటే ఎట్లా సార్?" అన్నాడు. మా నాన్న ఆయన పక్షం చేరాడు. వినోదం చూడవచ్చిన ఇద్దరు తెల్ల సోల్జర్లు ఎవరి పక్షం చేరాలో తెలియక అత్త పక్కన నిలబడి టోపీలు తీశారు.

ఈ గలాటాలో మా ఇద్దరినీ అందరూ మరిచిపోయారు. మొసలి దగ్గర నేనూ, నుదుటి మీద బొప్పితో ఆయనా మిగిలాం.

"నొప్పిగా ఉండాదా?" అని అడిగాను.

"లేదు," అన్నాడు. తర్వాత, "కొంచెం ఉండాది," అన్నాడు.

నేను మొసలిని చూస్తూ, "నాకు బి.ఏ. చదవల్లని ఉండాది," అన్నాను.

ఆయన కూడా మొసలితోనే మాట్లాడాడు. "చదువుకోండి. నాకూ ఇప్పుడే పెళ్ళంటే భయంగా ఉండాది. స్నేహితుల రూములో ఒక మూల పడుకుంటా ఉండాను. మా నాయనతో చెప్పల్లంటే ఇంకా భయం."

"మీరు చెప్పకపోతే ఎవురు చెప్తారు?"

ఆయన నేరుగా ఆ గుంపులోకి పోయి, "నాయనా! ఆ పిల్ల బి.ఏ. అయినాకనే పెళ్ళి!" అని గట్టిగా అనేశాడు.

"సరేలేరా, ముందు ఈ సంగతి తేలనీ," అన్నాడు తండ్రి, ఆఫీసరు మీంచి చూపు తిప్పకుండా. ఇంటికి పోయాక ఆయనకు అర్థమైంది. కానీ వినాయకుడి ఎదుట ఇచ్చిన మాట కదా, వెనక్కి తీసుకోలేకపోయాడు.

చివరికి ఆఫీసరు వినాయకుడికి పూలు మాత్రం పెట్టనిచ్చాడు. అత్త కొన్ని తను పెట్టి, మిగిలినవి అబ్బాయి తల్లి ముందుకు చాపింది. ఆమె ఒక్క క్షణం ఆ చేతులవైపు చూసింది. తర్వాత దోసిలి పట్టింది.

నా బి.ఏ. అయింది. పెళ్ళినాడు అత్త అలవాటుగా వెనకింట్లోకి పోతుంటే, మా అత్తగారే, ఆ రోజు దోసిలి పట్టినావిడే, చెయ్యి పట్టుకొని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. అత్తకు ఏం చేయాలో తోచలేదు. అందరినీ తిట్టడం మొదలుపెట్టింది.

ఆ టెంకాయ కావాలనే తెచ్చావా అని ఎన్నిసార్లు అడిగినా, "చట్నీకి కొన్నాను, సంచిలో ఉండిపోయింది" అనేది. చట్నీకి కర్పూరమెందుకని అడిగితే మాత్రం చెవులు వినపడేవి కావు.

పోయిన చలికాలంలో ఆమెను చివరిసారి మ్యూజియానికి తోలుకుపోయాను. నడిచి నడిచి అలసిపోయి, విగ్రహాల హాల్లో ఒక బల్ల మీద కాళ్ళు మడుచుకుని కూర్చుని, నిటారుగా అట్లే నిద్రపోయింది. అంతలో బడిపిల్లలు వరసగా వచ్చారు. టీచరమ్మ చెప్పుకుంటూ ముందుకు పోయింది. పిల్లలు మాత్రం అత్త ముందు ఆగిపోయి గుసగుసలాడుకున్నారు. వాళ్ళలో అందరికంటే చిన్నపాప ఒకతె మెల్లగా దగ్గరికొచ్చి, అత్త కాలి బొటనవేలు ముట్టి చూసింది.

అత్త కళ్ళు తెరవలేదు. వేలు మాత్రం ఆడించింది.