రష్ ఎక్కువుండే జాగ

మా మామ పోయిండని ఫోన్ వచ్చినప్పుడు నేను మా చిన్నదానికి జడ వేస్తున్న. పట్నం దవాఖాన నుంచి మా ఆయన చేసిండు. "బాపు పోయిండు. ఇల్లు ఊకి పెట్టు. వాకిట్ల సామాన్లు పక్కకు జరుపుమని ఎవలికన్న చెప్పు," అన్నడు. ఫోన్ కింద పెట్టి, చేతిలో మిగిలిన పాయ అల్లి, రిబ్బన్ ముడి వేసి, అప్పుడు లేచిన. జడను సగంలో విడిచిపెట్టి ఏడ్వాలని నాకు తోచలే.

ముందురోజు సాయంత్రం మామ నాకొక పని చెప్పిండు. అది ఇంకా చెయ్యలేదు. చేస్తనో లేదో కూడా తెలువదు. అందుకే ఆయన గురించి నాలుగు మాటలు రాస్తున్న.

మామ శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో ముప్పై ఏండ్లకు పైన పని చేసిండు. నేను చొప్పదండి దగ్గరి ఊరి నుంచి కోడలుగా వచ్చేసరికే రిటైర్ అయ్యి, నస్పూర్ దిక్కు రెండర్రల ఇల్లు కట్టుకున్నరు. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదొక్కటే పిచ్చి, పెద్ద పట్నాలు. ఏడాదికోసారి సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, నాలుగు రొట్టెలు పెట్టుకొని మంచిర్యాలలో రైలెక్కేటోడు. బొంబాయి, ఢిల్లీ, కలకత్త, మద్రాసు, నాగపూర్. మన పట్నమైతే ఎన్నిసార్లు పోయిండో లెక్కే లేదు.

కోటలు, సముద్రాలు ఆయనకు అక్కర్లేదు. రైలు దిగంగనే కనబడ్డ మనిషిని అడిగేటోడట: "భయ్యా, గీడ అన్నిటికన్న రష్ ఎక్కువుండే జాగ ఏది?" ఏ పట్నంలో అడిగినా ఎదుటి మనిషి ముందుగాల తన జేబు తడుముకునేటోడట. ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా మామకు నవ్వుతో దగ్గు వచ్చేది. ఆ జాగ దొరికినంక ఒక మూలకు చాయ్ గ్లాసు పట్టుకొని కూసోవాలె. పొద్దుగూకేదాక చూడాలె. రెండు రోజులు అట్ల చూసి మళ్ళ రైలెక్కాలె. అంతే ఆయన యాత్ర.

బొంబాయిలో ఒకసారి పోలీసాయన వచ్చి గల్లా పట్టుకున్నడట. "పొద్దటి సంది గీడనే ఉన్నవ్. ఎవల కోసం చూస్తున్నవ్?" అంటే మామ, "అందరి కోసం సాబ్" అన్నడట. ఆ పోలీసాయన గల్లా విడిచి, తనే ఇంకో చాయ్ చెప్పిండట.

మా అత్తకు ఈ తిరుగుడు అస్సలు నచ్చేది కాదు. ఒక్కసారి బతిమాలి వెంట కాశీకి పోయింది. "నేను గంగల మునిగి వచ్చేసరికి గీ మనిషి లేడు. యాడున్నడని దేవులాడితే, నాలుగు తొవ్వలు కలిసే కాడ రిక్షాలు కొట్లాడుకుంటుంటే చూసుకుంట కూసున్నడు. గంగనీళ్ళు తెమ్మంటే రద్దీ కాగితాలు తెచ్చిండు," అని ఇప్పటికీ వచ్చినోళ్ళందరికీ చెప్తది.

రద్దీ కాగితాలంటే, సౌరస్తాల కాడ నిలబడి పంచుతరు కదా, అవి. చీరల దుకాణాలవి, ట్యూషన్లవి, మందులవి. మామ ఒక్కటి కూడా వద్దనేటోడు కాదు. "చెయ్యి చాపి ఇస్తే వద్దనద్దు బిడ్డా. ఆ ఇచ్చేటోళ్ళు పొద్దటి సంది ఎండల నిలవడ్డరు," అనేటోడు. అన్నీ ఇంటికి తెచ్చి పాత బిస్కెట్ల రేకు డబ్బాలో దాచేటోడు. ఆయనకు సంతకం చేసుడు తప్ప చదువు రాదు. నేను ఏడో తరగతి దాక చదివిన. మా ఇద్దరి నడుమ మాట కలిపింది ఆ డబ్బానే.

పెండ్లయిన కొత్తల్లో ఒకనాడు అత్త వంటింట్లకొచ్చి నా చేతిలో గులాబిరంగు కాగితం పెట్టింది. "మీ మామకు సదివి ఇనిపియ్యాల్నట. పురాణం లెక్క ఇంటడట," అన్నది మూతి తిప్పుకుంట.

మా దిక్కు కోడలు మామ ముందట కూసోదు, ఎదురుపడి మాట్లాడదు. నాకైతే మామూలుగనే మనుషుల ముందట గొంతు రాదు. మామ వాకిట్ల ప్లాస్టిక్ కుర్చీలో కూసున్నడు. నేను తలుపు వెనుక నిలబడి మొదలుపెట్టిన. "మీ జుట్టు రాలిపోతున్నదా? దిగులు వద్దు. మూడు నెలల్లో ఒత్తైన జుట్టు..."

"ఆగుమను. ఎన్ని నెలలు?" అన్నడు మామ. ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు.

"మూడు నెలలట," అన్నది అత్త. "నీ గుండుకు గదొక్కటే తక్కువైంది."

"మూన్నెల్లంటే దగ్గరనే ఉన్నది. నీ పాత రిబ్బన్లుంటే దాచిపెట్టు."

తర్వాతి కాగితం ఇండ్లలో వంటగదులు కట్టేటోళ్ళది. "మాడ్యులర్ కిచెన్" అని చదివిన. "మాడ్యులర్ అంటే ఏందట?" అని మామ అడిగితే, "నాకేమెర్క, నీ కోడల్నే అడుగు," అన్నది అత్త. "నాకు తెలువది మామా," అన్న నేను. నోరు జారింది. అత్త నా దిక్కు చూసింది. బయట కుర్చీ చప్పుడు ఆగిపోయింది. మామ మెల్లగ, "నాకు గూడ తెలువది. సరే కానియ్ బిడ్డా," అన్నడు. అప్పటి నుంచి నేరుగానే మాట్లాడుకున్నం. తలుపు మాత్రం నడుమ ఉండేది.

కలకత్త, మద్రాసు కాగితాలు నాకూ చదువ రావు. "వాటిని ఉత్తగ చూడు," అనేటోడు. తలుపు సందులో నుంచి ఒక్కొక్కటి అందించేటోడు. నేను చూసి మళ్ళ అందించేదాన్ని.

మీలో పెద్ద నగరాల్లో ఉండేటోళ్ళకు ఇది వింతగ అనిపిస్తుండొచ్చు. రోజూ ఆ బండ్ల నడుమ నలిగేటోళ్ళకు రష్ అంటేనే తలనొప్పి కదా. నేనూ ఒకనాడు అడిగిన, అంతమంది జనంలో ఏముంటది మామా అని. "బాయిల దిగినంక మనిషికి మనిషి కనవడడు బిడ్డా," అన్నడు మామ. "నెత్తి మీది దీపం కనవడ్తది, అంతే. ఎవడొస్తుండో వాని దీపం ఊగుడును బట్టి గుర్తువట్టాలె. ముప్పై ఏండ్లు గట్లనే. పట్నంల మొకం మీద మొకం. ఎంత చూసినా ఒడువది."

ఇంకొక మాట నాకోసమే అన్నడు. "నువ్వు గింత సిగ్గువడ్తవ్ గద, నీకు పట్నమే మంచిది. గీడ గడప దాటితె పదిమంది చూస్తరు, ఎవల కోడలు, ఏడికి పోతుంది అని. గాడ అంతమంది నడుమ నిలవడ్డా ఒక్కడు చూడడు. నువ్వే అందర్ని చూడొచ్చు."

నేను కిరాణ దుకాణానికి పోతే కొంగు సర్దుకునుడుకే సగం తొవ్వ అయిపోతది. ఎవరూ చూడని జాగ ఒకటి ఉంటదని నాకు అంతవరకు ఎవరూ చెప్పలే. బోళ్ళు తోముకుంట ఆ మాటే తలుచుకునేదాన్ని. నేను సౌరస్తాలో నిలబడ్డట్టు, చేతిలో చాయ్ గ్లాసు ఉన్నట్టు.

రెండేండ్ల కింద ఆయనకు దమ్ము మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఎగపోత. తిరుగుడు బందైంది. "ఒక్కసారి పట్నం తోల్కపో బిడ్డా. ఒక్క పూట కూసొని వస్త," అని మా ఆయనను అడిగిండు. మా ఆయన ఆటో నడుపుతడు. తండ్రి అంటే పానం. "ఆ పొగకు, దుమ్ముకు నువ్వు మళ్ళ ఇంటికి రావు బాపూ. డాక్టర్ వద్దన్నడు గద," అన్నడు. ఫోన్‌లో పట్నం రోడ్ల వీడియోలు పెట్టిచ్చిండు. మామ జరసేపు చూసి ఫోన్ తిరిగి ఇచ్చిండు. "గిండ్ల తోపులాట లేదురా," అన్నడు.

అప్పుడు మామ తలుపు దిక్కు చూసిండు. నేను వెనుకనే ఉన్న. తోల్కపోదామయ్యా, నేనూ వస్త అని ఒక్కమాట అనొచ్చు. ఆ మాట నోటి దాక వచ్చింది. మా ఆయన చెప్పింది కూడా నిజమే కదా అనిపించింది. మింగేసిన. మామ ఇంకోసారి అడిగినప్పుడూ అట్లనే. మూడోసారి ఆయన అడగలే.

ఆఖరికి పట్నం పోయిండు, అంబులెన్సులో. మంచిర్యాల దవాఖానలో తీసుకపొమ్మన్నరు. అత్తకు బండి పడదు, వాంతులైతయి. మా ఆయన డ్రైవర్ పక్కన కూసున్నడు. వెనుక మామ, నర్సమ్మ, నేను. తలుపు అడ్డం లేకుండ మామ ముందట కూసునుడు నాకదే మొదలు.

అంబులెన్సు అద్దాలకు తెల్ల కాగితం అతికించి ఉన్నది. పైన జానెడంత ఖాళీ. వెల్లకిల పడుకున్న మనిషికి ఏమీ కనబడదు. సుల్తానాబాద్ దాటుతుంటే "రైస్ మిల్లులు మామా" అన్న. కండ్లు తెరువలే. కరీంనగర్ వచ్చినా తెరువలే. చాలా సేపటికి హారన్లు ఎక్కువైనయి. అప్పుడు తెరిచిండు. వేలు లేపి పైకి చూపించిండు, చూసి చెప్పుమని.

నేను లేచి కడ్డీ పట్టుకొని ఆ జానెడు సందులో నుంచి చూసిన. నా పుట్టువుల పట్నం చూసుడు అదే మొదలు.

"బండ్లు మామా. శాన బండ్లు."

వేలు ఊపిండు, ఇంకా అన్నట్టు. ఏం చెప్పాల్నో తెలువక బోర్డులు చదువుడు మొదలుపెట్టిన. నేను కూడబలుక్కొని చదివే మనిషిని. బండి ఆగదు. "బంగారు ఆభరణ..." పోయింది. "పిల్లల దంత..." పోయింది. "పెండ్లి పిలుపు..." అన్నీ సగం సగమే. ఇంగ్లీషు బోర్డులొస్తే రంగులు చెప్పిన. "గిది ఎర్రది మామా. గిది నీలం." ఆక్సిజన్ మాస్కు పైన ఆయన కండ్లు మెరుస్తున్నయి.

తర్వాత బండి ఆగిపోయింది. ముందట బండ్లు, వెనుక బండ్లు. సైరన్ మోగుతనే ఉన్నది, ఎవరూ జరుగుతలేరు. నర్సమ్మ ఆక్సిజన్ దిక్కు ఒకసారి, గడియారం దిక్కు ఒకసారి చూస్తున్నది. "వీళ్ళ బండ్లు మన్నువడ, జరుగరేంది!" అని గట్టిగనే తిట్టిన. నా గొంతు అంత పెద్దగ ఉంటదని నాకే తెలువదు.

మామ మాస్కు జర పక్కకు జరిపిండు. "తిట్టకు బిడ్డా. వాళ్ళు మాత్రం యాడికి జరుగుతరు. వాళ్ళకు మనమే రష్."

ఆ ఆగిన బండ్ల నడుమ ఒకామె నెత్తికి తువ్వాల కట్టుకొని కాగితాలు పంచుతున్నది. మా డ్రైవర్‌కు కూడా ఇచ్చింది. ఆయన నలిపి పారెయ్యబోతుంటే నేను నడిమి అద్దం కొట్టి, "అన్నా, ఆ కాగితం ఇటియ్యరా," అన్న. మా ఆయన వెనుకకు తిరిగి నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసిండు. కాగితం తీసుకొని మామ చెవి దగ్గర చదివిన. "మహిళలకు మాత్రమే. పట్నం నడిబొడ్డున హాస్టల్. ఇంటి భోజనం. ఇరవై నాలుగు గంటలు వేడినీళ్ళు."

"ఉంటవా?" అన్నడు మామ.

నవ్వు మాస్కంతా ఆవిరై కమ్ముకున్నది. నర్సమ్మ కోపం చేసింది. నేను నవ్విన, ఏడ్చిన. మామ ఆ కాగితం అడిగి చేతిలో పట్టుకున్నడు. దవాఖాన వచ్చేదాక విడువలే.

రెండు రోజులు వరండాలో ఉన్న. డాక్టర్లు చేసేది చేస్తున్నరు. మా చిన్నదాన్ని చూసుకునుడుకు నేను ఇంటికి రావాలె, అక్కడికి అత్త రైలెక్కి పోవాలె. బయలుదేరేటప్పుడు మామ కాగితం నా చేతిలో పెట్టిండు. "పొద్దుగాల బస్సు గద. కిటికీ కాడ కూసో. పట్నమంత కండ్ల నిండ చూడు. పొద్దుమూకి నాకు ఫోన్ల చెప్పు," అన్నడు. ఒక్కొక్క మాటకు ఊపిరి తీసుకుంట. నేను తలూపిన.

మా ఆయన కిటికీ సీట్లనే కూసోబెట్టిండు. రెండు రోజుల నిద్ర లేదు. బస్సు కదులుడు యాదికున్నది. కండ్లు తెరిస్తే సిద్దిపేట. పట్నం నా కిటికీ పక్కనుంచే పోయింది, నేను చూడలే.

సాయంత్రం మా ఆయన ఫోన్ మామ చెవి దగ్గర పెట్టిండు. నిద్రపోయిన అని చెప్పే ధైర్యం లేదు. డబ్బాలో కాగితాలు యాది చేసుకున్న. "పెద్ద చీరల దుకాణం మామా, అన్నీ సగం ధర. ముందట ఆడోళ్ళు ఒకలి మీద ఒకలు. పక్కన మెట్లెక్కి ఇంగ్లీషు నేర్సుకునే పిల్లలు. ఒకాయన జుట్టు మందు అమ్ముతుండు..." ఆగకుండ చెప్పిన. అటు దిక్కు ఊపిరి చప్పుడు తప్ప ఏం లేదు.

"బిడ్డా," అన్నడు చివరికి. "గా చీరెల కాగితం పాతది. నాలుగేండ్ల కింద నువ్వే సదివినవ్."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్న.

"నిద్రవోయినవా?"

"ఊ."

"పోనీ తియ్యి. మల్ల చూసి రా."

అదే ఆఖరి మాట. తెల్లారి జడ వేస్తుంటే ఫోన్ వచ్చింది.

దినాలైపోయినయి. మా ఆయన మళ్ళ ఆటో తీసిండు. మల్ల చూసి రా అన్నడు కదా, ఎట్ల పోవాలె? పట్నంలో మాకెవరూ లేరు. పనేంటిదని అడిగితే ఏం చెప్పాలె? మామ రష్ చూసి రమ్మన్నడని మా ఆయనకు ఎన్నోసార్లు చెప్పబోయిన. అన్నం వడ్డించి నిలబడతా, ఆయన తిని లేస్తడు, మాట నోట్లనే ఉంటది. "ఇంక గా కాగితాలెందుకే, పొయ్యిల వెయ్యి," అన్నది అత్త ఒకనాడు. నేను డబ్బా తెస్తే, తనే మూత గట్టిగ వొత్తి మళ్ళ గూట్లో పెట్టింది.

వాకిట్ల కుర్చీ అట్లనే ఉన్నది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు హాస్టల్ కాగితం తీస్త. ఆయన బొటనవేలు పట్టిన కాడ ముడత ఇంకా ఉన్నది. కుర్చీ ఖాళీ అని తెలుసు, అయినా తలుపు దాటి ముందటికి పోలేకపోతున్న. తలుపు వెనుక నిలబడే, ఎప్పటి లెక్క మెల్లగ చదువుత. మహిళలకు మాత్రమే. ఇంటి భోజనం. ఇరవై నాలుగు గంటలు వేడినీళ్ళు.

అక్కడ ఆగుత. ఆయన అడిగే జాగ అది.