మినప్పప్పు డబ్బాలో దాచిన అర్జీ

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది ఆస్ట్రేలియాలో టూవూంబా దగ్గర చిన్న ఊరు. మా తెలుగు సంఘంలో అప్పట్లో ఇంటికి ఒక్కటే ఓటు, అదీ మగవాళ్లు వేసేది. మా ఆయనే అధ్యక్షుడు. సరళ అని ఒక నర్సు ఉండేది. భర్త వదిలేసి వెళ్లాక, ఆయన పేరు మీదున్న సభ్యత్వం పోయిందన్నారు. పండగ పిలుపులు కూడా ఆగిపోయాయి.

సంఘం హాలుకు ప్రభుత్వ సాయం రావాలంటే మా ఎమ్మెల్యే, ఒక తెల్లావిడ, ఆమె సిఫారసు కావాలి. ఆడవాళ్లకు ఓటు ఇచ్చాకే సిఫారసు చెయ్యమని సరళ అర్జీ రాసింది. సంతకాల పని నాకు అప్పగించింది. నేను ఏడో తరగతితో ఆగినదాన్నే, కానీ ఆడవాళ్లు నా మాట వింటారు. వినాయక చవితికి కుడుములు చేస్తూ, పిండి చేతులు తుడుచుకుని మరీ మా వంటింట్లో పద్మతో సహా పద్నాలుగు మంది సంతకాలు పెట్టారు. ముందు పెట్టింది నేనే.

వాళ్లు వెళ్లాక ఆ కాగితాన్ని మినప్పప్పు డబ్బా అడుగున దాచేశాను.

శనివారాలు షాపుల ముందు మడత బల్ల వేసుకుని ఎమ్మెల్యే జనం మాట వినేది. ఆ శనివారం నాతో పాటు వరసలో నిలబడి సరళ అడిగింది.

"పేపర్ తెచ్చారా ఆంటీ?"

"ఎవ్వరూ పెట్టలేదమ్మా. భయపడ్డారు."

"పద్మా ఆంటీ కూడానా? వాళ్లాయనకే భయపడదు, పేపర్‌కి భయపడిందా!" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "పోన్లెండి. మీరొచ్చారుగా."

తన దగ్గరున్న నకలు మీద తనొక్కతే సంతకం పెట్టి ఇచ్చింది. ఎమ్మెల్యే చూసి, "జస్ట్ యూ, లవ్?" అంది మెల్లిగా, నువ్వొక్కదానివేనా అమ్మా అన్నట్టు. పెన్ను నా వైపు జరిపింది. నేను చేతిసంచి సర్దుకున్నాను.

"షీ జస్ట్ కేమ్ విత్ మీ," అంది సరళ. నన్ను కాపాడింది.

సిఫారసు వెళ్లింది. హాలు వచ్చింది. సరళ బ్రిస్బేన్ వెళ్లిపోయింది. సంతకాలు పెట్టినవాళ్లు అడిగితే, ఎమ్మెల్యే పట్టించుకోలేదన్నాను.

మా ఆయనకు భయపడ్డానా? ఆయన ఆ కాగితం సంగతే ఎరగడు. భయమేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. ఎవరింట్లో సీమంతమైనా అధ్యక్షుడి భార్యనని మొదటి బొట్టు నాకు పెట్టేవారు. తలా ఒక ఓటు వస్తే ఆయన పదవితో పాటు ఆ బొట్టూ పోతుందేమోనని ఒక ఆడపిల్లను నడిబజారులో ఒంటరిని చేశాను. ఇంత చిన్నదానికా? ఇంత చిన్నదానికే.

ఆ రూలు తర్వాత మారింది. నేనూ వెళ్లి ఓటు వేశాను.

తన వెనక ఒక్కరూ నిలబడలేదనే సరళ ఈనాటికీ అనుకుంటోంది. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. పద్నాలుగు మందీ సంతకం పెట్టారు. దాచింది నేను. ఇన్నేళ్లకు ఈ మాట రాశాను, కాస్త ఊపిరాడుతోంది.