సుల్తానా వదిలిన గుడ్లు

దుర్గయ్యను ఆయన భార్య రాహేలు పల్లెత్తు మాట అనలేదు. అదే వచ్చిన చిక్కు. నాలుగు తిట్టి ఉంటే ఆ మనిషి హాయిగా అన్నం తినేవాడు.

జహనుమా బస్తీలో వాళ్ళ ఇంటి పై వాటాలో నేను అద్దెకుంటాను. మాది తెనాలి, ఉద్యోగం బ్యాంకులో. దుర్గయ్య బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. పేరు దుర్గయ్యే కానీ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు. మంచి మనిషి. కాకపోతే తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటాడు. పైగా మతిమరుపు.

ఆ మతిమరుపే కొంప ముంచింది. రాహేలు దగ్గర ఒక నల్ల కోడిపెట్ట ఉండేది. దాని నడకలో టెక్కు చూసి, పక్కింట్లో బట్టలు కుట్టే మున్నీ సుల్తానా అని పేరు పెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు దానికి రోగమొస్తే రాహేలు కొంగులో పెట్టుకుని బతికించుకుంది. అది పొదగడానికి కూర్చున్న మర్నాడు, దుర్గయ్య మేత వేసి, చాయ్ తాగడానికి పోతూ గూడుకు గొళ్ళెం పెట్టడం మరిచాడు. వచ్చేసరికి వీధికుక్క పని కానిచ్చేసింది. గంపలో గుడ్లు మాత్రం ఇంకా వెచ్చగా ఉన్నాయి.

రాహేలు ఏడవలేదు, అరవలేదు. ఆయనతో మాట్లాడటం మానేసింది. ఏం చెప్పాలన్నా మున్నీ ద్వారానే. మున్నీ గుమ్మంలో నిలబడి, "బాపూ, అన్నం గిన్నెల ఉన్నదంట, తింటే తినుమంటున్నది" అని రేడియోలో వార్తలు చదివినట్టు చెప్పేది. ఆ మాట అన్నావిడ అక్కడే, ఆయనకు చేతికందే దూరంలో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతూ ఉండేది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, దుర్గయ్య గట్టిగానే పట్టుకున్నాడు. చేపల దుకాణంలో అడిగి ఒక థర్మకోల్ డబ్బా తెచ్చాడు. అందులో బల్బు, చిన్న ఫ్యాను, వేడి ఎక్కువైతే బల్బు ఆరిపోయే ఏర్పాటు, వేడినీ తేమనూ చూపించే మీటరు పెట్టాడు. మూతకు అద్దం ముక్క బిగించాడు. గుడ్లను అందులో పేర్చి నాతో అన్నాడు:

"గీ గుడ్లు పగిలి పిల్లలు ఎల్తే ఆమె మాట్లాడ్తది బిడ్డా. ఎల్లకపోతే గింతే నా బతుకు."

వేడి సంగతి ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర పట్టి ఉంచాడు. కరెంటు పోతే డబ్బాకు దుప్పటి కప్పి, వచ్చేదాకా పక్కనే కూర్చునేవాడు. గుడ్లను రోజూ మూడు నాలుగు సార్లు తిప్పేవాడు. ఏది తిప్పానో మరిచిపోతానని ఒక పక్కన పెన్సిలుతో గుర్తు కూడా పెట్టుకున్నాడు.

తప్పంతా నీళ్ళ దగ్గర జరిగింది. తేమ కోసం డబ్బాలో గిన్నెడు నీళ్ళు పెడతారు. ఉద్యోగమంతా రేడియేటర్లు నింపిన చెయ్యి కదా, అంచు దాకా పోసేవాడు. మూత లోపల చెమట పట్టేది. మీటరు ఎనభై చూపించేది. మొదట్లో తేమ యాభై చుట్టుపక్కల ఉంటే చాలని ఫోనులో చదివి చెప్పాను.

"నీళ్ళు తక్కువైతే ఇంజన్ సీజై ఆగిపోతది. ఎక్కువైతే ఎప్పుడన్న ఏమన్న అయిందా? ఫికర్ చెయ్యకు బిడ్డా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. కోడి కడుపు కింద రేడియేటరు ఉంటుందా?

ఒక సెలవు రోజు, ఆయన చాయ్‌కి పోయాక నేను కిందికి దిగాను. రాహేలు డబ్బాలోంచి ఒక గుడ్డు తీసి, పిడికిట్లో పట్టి, తలుపు సందులోంచి పడే ఎండకు అడ్డం పెట్టి చూస్తోంది.

"లోపటి తడి జర ఎండాలె బిడ్డా. గప్పుడే పైన గాలికి జాగ అయితది. లేకుంటే పిల్ల లోపట్నే మునిగి సస్తది."

"ఆ మాట ఆయనకు చెప్పొచ్చుగా పిన్నీ?"

"నేనెందుకు చెప్తా?" అని, గిన్నెలో నీళ్ళు సగానికి పైగా తీసుకెళ్ళి పుదీనా కుండీలో పోసింది.

అప్పటి నుంచి ఆయన నింపడం, ఆవిడ వంపడం. నాకు నవ్వూ వచ్చేది, ఇద్దరి మీదా జాలీ కలిగేది. ఒకరోజు దుర్గయ్య జగ్గుతో వచ్చి, గిన్నె వైపూ, తడి తడిగా ఉన్న పుదీనా కుండీ వైపూ మార్చి మార్చి చూశాడు. నీళ్ళు పోయకుండా జగ్గు పక్కన పెట్టేశాడు. మీటరు మెల్లగా యాభైకి దిగి నిలబడింది.

గుడ్లు పగిలే రోజులు దగ్గర పడ్డాయి. ఇక గుడ్లు తిప్పకూడదు. తేమ మాత్రం పెరగాలి. ఆ పొద్దున చూస్తే డబ్బాలో గిన్నె అంచు దాకా నిండి ఉంది, పక్కన తడిపి పిండిన గుడ్డ కూడా ఉంది. ఎవరు పెట్టారని దుర్గయ్య అడగలేదు. మీటరు డెబ్బై చూపిస్తుంటే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఒక గుడ్డుకు చిన్న చిల్లు పడింది. లోపల కీచుకీచుమంటోంది. నేనూ మున్నీ కూడా డబ్బా చుట్టూ చేరాం. ఎంతసేపు చూసినా ఆ చిల్లు పెద్దది కాలేదు. దుర్గయ్యకు మనసాగలేదు.

"పాపం, గోస పడ్తున్నది. జర పెంకు ఊడదీస్త," అంటూ మూత మీద చెయ్యి వేశాడు.

"ముట్టకు!"

అందరం ఉలిక్కిపడ్డాం. వంటింటి గుమ్మంలో రాహేలు.

"మూత తీస్తే తడంత పోతది. పొర ఎండి పిల్లకు అతుక్కుంటది. నీ చేతుల ఒక పానం పోయింది, సాలదా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇన్నాళ్ళకు చెవిన పడిన మొదటి మాట అది, అదీ తిట్టు. అయినా ఆ ముఖం వెలిగిపోయింది.

"ముట్ట," అన్నాడు. "నువ్ చెప్పినప్పుడే తీస్త."

మున్నీ అలవాటు కొద్దీ రాహేలు వైపు తిరిగి, "అమ్మా, బాపు ముట్టనంటున్నడు," అంది.

"ఇన్న. నాకేం చెవుడు లేదు."

సాయంత్రానికి పెంకు చుట్టూ పగిలి, తడిసి ముద్దయిన నల్ల పిల్ల బయటపడింది. దుర్గయ్య అద్దంలోంచి చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రాహేలు వచ్చి పక్కన కూర్చుని తనూ చూసింది. తర్వాత ఆయన వైపు తిరగకుండానే అంది:

"జర పెద్దగైతే గీ పిల్ల గూట్లనే ఉండాలె. పోయి గొళ్ళెం మంచిగుందో లేదో నువ్వే సూడు."

దుర్గయ్య లేచి పెరట్లోకి వెళ్ళాడు. ఖాళీ గూడుకు గొళ్ళెం పెట్టి లాగి చూశాడు. రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇంకోసారి లాగి చూశాడు.