వ్యానులో నావ పలక

ఇవాళ పొద్దున నేనొక నావ పలకను తుక్కులో వేయించాను. అది మా బావది. చీపురుపల్లిలో నా వ్యాను మరమ్మతు జరిగే షెడ్డు వెనక, తుప్పు పట్టిన సైలెన్సర్ల మీద, ఒక కొస వాన నీటి మడుగులో మునిగేలా మేస్త్రి దాన్ని పడేస్తుంటే నేను పక్కనే నిలబడి టీ తాగుతున్నాను. ఆపలేదు. తీసేయమన్నది నేనే. ఆ చోట రెండో బ్యాటరీ, దాని వెనక పెద్ద నీళ్ల ట్యాంకు పడతాయని కొలతలు చెప్పిందీ నేనే. టీ బాగుందని మేస్త్రితో అన్నట్టు కూడా గుర్తు.

బావంటే మా అప్ప భర్త. మా వైపు అక్కను అప్ప అంటాం. వంశధార సముద్రంలో కలిసే చోట వాళ్ల పల్లె. నేనూ అలాంటి పల్లెలోనే పుట్టాను గాని, నావ ఎక్కితే తిన్నదంతా బయటికొచ్చేది కనుక నన్ను బడికి పంపారు. నా చదువు వాంతుల వల్ల వచ్చిందే తప్ప తెలివి వల్ల కాదని బావ పెళ్లిళ్లలో కూడా చెప్పి నవ్వించేవాడు. ఉద్యోగం అయిపోయాక ఒక పాత వ్యాను కొని, చూపించడానికి వాళ్లింటికి తీసుకెళ్లాను. బావ దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, "ఒరే బామ్మర్దీ, ఈ నది ఎక్కడ పుడతాదో సూడాలిరా. బుద్ధెరిగిన కాడ్నుంచి దీని కొసనే బతికినాను, మొదలెక్కడో ఎరగను" అన్నాడు. పాతపట్నం మీదుగా ఒడిశా కొండల్లోకి పోవాలి. దారిలో ఎవరింటా దిగకూడదు, హోటలు మెట్టెక్కకూడదు. నీళ్లు, వంట, పడక, అన్నీ బండిలోనే. ఈ షరతు బావదే. "సముద్రంలో ఎవుడి గుమ్మం తట్టినాం?" అన్నాడు.

అక్కడినుంచి మొదలైంది, బండికి ఏమేం పెట్టించాలన్న తగువు. బావ దాన్ని నావలాగే చూశాడు. నీళ్ల పీపా అడుగున, సరిగ్గా మధ్యలో ఉండాలి. పొయ్యి ఇసక పెట్టెలో ఉండాలి. నావ మీద వంట అలాగే చేస్తారు, ఎంత ఊగినా నిప్పు చెదరదు. పైకప్పు మీద పూచికపుల్ల ఉండకూడదు. నేను ఫోనులో వీడియోలు చూసినవాణ్ని. పైన ఇనప చట్రం, దాని మీద విప్పుకునే గుడారం, సోలారు, వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్లు మింగకుండా పైకి గాలి గొట్టం, ముందు వరసగా దీపాలు కావాలన్నాను. చట్రం బిగించిన రోజు బావ చూసి, "బండికి కొమ్ములెట్టినావేటిరా? మీద అంత బరువెడితే మలుపులో తిరగబడిపోతాది" అన్నాడు.

"నీ ఇసక పెట్టె బరువు కాదేటి?"

"అది అడుగునుంటాదిరా, కడుపులో కూడులాగ."

"మీరు ఎల్తారో నేదో గానీ, నా అట్లపెనం మాత్రం బండిలోకి ఎల్లిపోనాది" అని అప్ప లోపలినుంచి గొణిగింది. బావ చెప్పినవన్నీ సరైనవేమీ కావు. ఎత్తుల్లో బండి వెనక్కి జారకుండా లంగరు కూడా ఉండాలన్నాడు. చక్రాల కింద రెండు దిమ్మలు చాలని మేస్త్రి నవ్వితే, కొన్నాళ్లు ఆ మేస్త్రి ముఖం చూడలేదు.

మా ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. పాత నావను విప్పేస్తే దాని పలక ఒక్కటైనా కొత్త నావలోకి వెళ్లాలి. అలా తాతల నావలోని చెక్క మనవల నావ దాకా వస్తుంది. బావ చివరి చెక్క నావ విప్పేసి కొడుకులు ఫైబరు బోటు కొన్నాక, అందులో పలక బిగించే చోటే లేకపోయింది. ఆ పలక చాలాకాలం అటక మీద ఉండిపోయింది. బావ దాన్ని దించి, నూనె రాసి, మోసుకొచ్చి నా వ్యానులో తనకు కూర్చునే బల్లగా బిగించుకున్నాడు. ఆ రోజు అప్ప దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. నేను ఫోటో తీశాను.

తర్వాత మేము బయలుదేరలేదు. ఒక ఎండాకాలం గుడారం రాలేదని ఆగాం. ఒక చలికాలం సోలారు సరిగ్గా పట్టడం లేదని ఆగాం. "ఇంకొక్కటి పెట్టించేసి పోదాం బావా" అన్నది ప్రతిసారీ నేనే. ప్రయాణం కంటే బండిని అమర్చుకోవడమే నాకు ఇష్టమైపోయింది. షెడ్డుకు వచ్చినవాళ్లు ఆగి చూసి అడిగితే, వివరించి చెప్పడం మరీ ఇష్టం. ఈలోగా బావకు పక్షవాతం వచ్చింది. ఎడమ వైపు పడిపోయింది, మాట ముద్దయింది. ఇక ఆయన రాలేడని నాలో నేనే తీర్మానించుకున్నాను. ఆ మాట ఆయనతో అనలేదు. అడగనూ లేదు. అడగకుండానే ఆయన చోటును బ్యాటరీకి ఇచ్చేశాను.

ఇవాళే, విజయనగరంలో డాక్టరుకు చూపించుకుని తిరిగి వెళ్తూ అప్పా బావా షెడ్డు దగ్గర కారు ఆపించారు. నేను గమనించేసరికి బావ కర్ర మీద వాలి తుక్కు కుప్ప ముందు నిలబడి ఉన్నాడు. పాత రోజులైతే నాలుగు తిట్లు తిట్టేవాడు. వాటికోసమే ఎదురుచూశాను. "తడిలో ఒగ్గేసినారు, పుచ్చిపోతాది. ఎత్తించు" అన్నాడు. తర్వాత వ్యాను లోపలికి తొంగి చూసి, "నాను నేకపోతే జాగా బాగానే వచ్చినాది" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే కొలిచి చూసి చెప్పాడు.

కారు ఎక్కేముందు అప్ప నన్ను పక్కకు లాగింది. "డాక్టరేటన్నాడో అడగవేటిరా? దూరాలొద్దన్నాడు గానీ దగ్గర్లకి తిప్పమన్నాడు. ఆ మాట నీకు సెప్దామనే ఇటొచ్చినాడు."

వాళ్లు వెళ్లాక పలకను నేనే ఎత్తి, కడిగి, ఎండలో పెట్టాను. బ్యాటరీ, ట్యాంకు దింపించాను. పైన చట్రం కూడా విప్పించేశాను. పలకను మునుపటికంటే జానెడు కిందికి, తలుపు తీస్తే బయటంతా కనబడేలా బిగించాం. కుడి చేతికి అందేలా ఒక తాడు కట్టాం. పొద్దు వాలకముందే పల్లెకు చేరాను. అరుగు మీదున్న బావ ముందు నిలబడి, "నిన్నడగకుండా తీసేసినాను బావా. తప్పు సేసినాను" అన్నాను.

"ముందు ఎత్తు సూడనీ" అన్నాడు.

అప్పా నేనూ చెరోవైపు పట్టుకుని బండిలో పలక మీద కూర్చోబెట్టాం. తాడును కుడిచేత్తో లాగి చూశాడు. మెడ బయటికి చాపి పైకప్పు చూశాడు. "కొమ్ములేవిరా?"

"కోసేసినాను."

నవ్వాడు. ముఖంలో సగమే నవ్వింది.

రేపు పొద్దున్నే పాతపట్నం దాకా పోతాం. అక్కడ మహేంద్రతనయ ఉంది, వంశధారలో వచ్చి కలిసే చిన్న నది. అందులో ఆయన చెయ్యి తడిపించి తీసుకొస్తాను. అంతకు మించి ఆ ఒళ్లు ఓర్చుకోదు. తన నది మొదలు బావ ఇక చూడడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అప్ప ఇసక పెట్టెలో కొత్త ఇసక పోస్తోంది. ఎన్ని రోజులకు సరిపడా నీళ్లు బండిలో పట్టాలో ఏళ్ల తరబడి లెక్కలు వేశాను గాని, ఆ రోజులు బావ దగ్గర ఎన్ని మిగిలాయో ఒక్కసారీ చూసుకోలేదు.